రికార్డర్ సెట్‌టాప్ బాక్సు చెడిపోతే: రికార్డింగులు పోకుండా బాగుచేసుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి లోపల హార్డ్ డిస్కు ఉన్న డీటీహెచ్ రికార్డర్ల గురించీ, పెన్‌డ్రైవ్ పెట్టుకుని రికార్డు చేసుకునే బాక్సుల గురించీ ఎక్కువగా వచ్చే ప్రశ్నలు. బాక్సు మళ్లీ దొరుకుతుంది. అమ్మాయి పాటల పోటీలో పాడిన ఎపిసోడో, తాతగారి ఇంటర్వ్యూనో, భద్రాచలం కల్యాణం లైవో మళ్లీ దొరకదు. అందుకే ప్రతి జవాబులోనూ డిస్కును కాపాడుకోవడం ముందు, బాక్సు బాగుచేయడం తర్వాత.

బాక్సు పూర్తిగా ఆగిపోయింది. లోపలి రికార్డింగులు కూడా పోయినట్టేనా?

కాదు. లైటు కూడా వెలగకుండా ఆగిపోయిన బాక్సుల్లో ఎక్కువగా పోయేది కరెంటు భాగమే: అడాప్టర్, పవర్ సప్లై బోర్డు, కెపాసిటర్లు. రికార్డింగులు ఉండేది డిస్కులో. పవర్ సప్లై పోయినంత మాత్రాన డిస్కు మీదున్నది చెరిగిపోదు. చాలామంది రికార్డింగులు పోగొట్టుకునేది బాక్సు చెడిపోయిన రోజు కాదు, ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో కంగారుపడి చేసే పనుల వల్ల.

అయితే ఏం చేయకూడదు?

తెర మీద 'డిస్కు ఫార్మాట్ చేయాలి' అని వస్తే ఓకే నొక్కొద్దు. ఆ ప్రశ్న తెర మీద ఉండగానే బాక్సును వెనక స్విచ్చి దగ్గర ఆపేయండి. మెనూలో ఫ్యాక్టరీ రీసెట్ జోలికి వెళ్లొద్దు. కొన్ని బాక్సుల్లో అది సెట్టింగులను మాత్రమే మారుస్తుంది, కొన్నిట్లో డిస్కును కూడా ఖాళీ చేస్తుంది. తెర మీద రెండింటి పేర్లూ ఒకేలా ఉంటాయి. డిస్కు నుంచి టక్ టక్ అని చప్పుడొస్తుంటే 'ఇంకొక్కసారి చూద్దాం' అని మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు. ఆన్ చేసిన ప్రతిసారీ దెబ్బ పెరుగుతుంది.

కంపెనీకి ఫోన్ చేస్తే టెక్నీషియన్ వచ్చి బాక్సు మార్చేస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

రికార్డింగులు అక్కర్లేకపోతే హాయిగా ఒప్పుకోండి. కావాలంటే మాత్రం అప్పుడే వద్దు. ఇంటికొచ్చే టెక్నీషియన్ సాధారణంగా బాక్సు రిపేరు చేయడు, పాతది తీసుకుని ఇంకొకటి పెట్టి వెళ్తాడు. పాత బాక్సుతోపాటు డిస్కూ వెళ్తుంది. సర్వీస్ సెంటర్లో దాన్ని తుడిచేసి వేరొకరికి ఇస్తారు. అక్కడి నుంచి తిరిగి తెప్పించుకోవడం దాదాపు అసాధ్యం.

ముందు బాక్సు ఎవరి పేరున ఉందో చూసుకోండి. అద్దె పథకంలో తీసుకున్నదైతే, వారంటీ ఇంకా ఉంటే, సీలు తెరవడం మంచిది కాదు. అలాంటప్పుడు అడాప్టర్ మార్చడం, కేబుళ్లు మార్చడం లాంటి పైపై పనులు చేసి చూడండి, బాక్సు ఆన్ అయితే వెంటనే ముఖ్యమైనవాటిని ఏవీ (ఆడియో-వీడియో) తీగ ద్వారా బయటికి తీసుకోండి (దాని పద్ధతి కింద ఉంది), ఆ తర్వాతే మార్చమనండి. సొంత బాక్సు, వారంటీ అయిపోయింది అంటే మీ ఇష్టం.

పాత డిస్కు తీసి కొత్త బాక్సులో పెడితే చూడొచ్చు కదా?

కుదరదు. ఛానెల్ నుంచి వచ్చిన కార్యక్రమాన్ని బాక్సు తాళం వేసి డిస్కులో దాస్తుంది. ఆ తాళంచెవి బాక్సు మెయిన్ బోర్డు మీది చిప్పులోనూ స్మార్ట్ కార్డులోనూ ఉంటుంది. అదే మోడలు, అదే రంగు, పక్కింటివాళ్ల బాక్సు తెచ్చి పెట్టినా తెరుచుకోదు. పైగా చాలా బాక్సులు కొత్త డిస్కును చూడగానే ఫార్మాట్ చేస్తామని అడుగుతాయి, కొన్ని అడగకుండానే చేసేస్తాయి. బోర్డు, కార్డు, డిస్కు మూడూ కలిసుంటేనే రికార్డింగు ఆడుతుంది. కాబట్టి మెకానిక్ 'మెయిన్ బోర్డు మార్చేస్తే అయిపోతుంది' అంటే ఒప్పుకోకండి. ఉన్న బోర్డునే బాగుచేయాలి.

డిస్కును కంప్యూటర్‌కి తగిలించి వీడియోలు కాపీ చేసుకుంటే?

అదీ ఇందుకే కుదరదు. డిస్కు లోపలి ఫైల్ పద్ధతి లైనక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌ది, విండోస్‌కి అర్థం కాదు. తగిలించగానే 'ఇనిషియలైజ్ చేయమంటారా', 'ఫార్మాట్ చేయమంటారా' అని అడుగుతుంది. రెండింటికీ క్యాన్సిల్ నొక్కండి. లైనక్స్‌లో ఫైళ్లు కనిపించినా తాళం ఉంటుంది గనక ఆడవు. కంప్యూటర్ పనికొచ్చేది ఒక్కదానికే: డిస్కును ఉన్నదున్నట్టు ఇంకో డిస్కుకు నకలు తీయడానికి.

లైటు అసలు వెలగడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్లగ్గు సాకెట్‌తో. అదే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. అది పనిచేస్తే బాక్సుకు బయట నల్లటి అడాప్టర్ ఉందా, లేక కరెంటు తీగ నేరుగా లోపలికి వెళ్తోందా చూడండి.

బయట అడాప్టర్ ఉంటే సగం అదృష్టమే. దాని మీద ఏముందో చదవండి: చాలావాటికి 12 వోల్టులు, 2 నుంచి 3 ఆంపియర్లు. పిన్ను మధ్యలో ప్లస్, చుట్టూ మైనస్ ఉన్నట్టు చిన్న బొమ్మ ఉంటుంది. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి ఎర్ర ముల్లు పిన్ను లోపల, నల్ల ముల్లు బయటి లోహానికి తాకించండి. 11.8 నుంచి 12.4 మధ్య ఉంటే పైకి బాగానే ఉన్నట్టు. ఏమీ లేకపోతే అడాప్టర్ పోయింది. కొత్తది కొనేటప్పుడు వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి, పిన్ను సైజు, ప్లస్ మైనస్ కలవాలి. పిన్నులు 5.5 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉన్నా లోపలి రంధ్రం 2.1 ఒకటి, 2.5 ఒకటి దొరుకుతాయి. వదులుగా కూర్చుంటే టీవీ కదిలినప్పుడల్లా బాక్సు ఆగుతుంది, డిస్కుకు అది చాలా చెడ్డది. పాత అడాప్టర్ చేతిలో పట్టుకుని షాపుకు వెళ్లండి.

ఆన్ అవుతోంది, కాసేపటికి మళ్లీ మొదటికొస్తోంది. లోగో, నల్ల తెర, లోగో... ఇలాగే.

రికార్డర్లలో ఇది బాగా మోసం చేసే జబ్బు. చూసినవాళ్లంతా సాఫ్ట్‌వేర్ పోయిందనో డిస్కు పోయిందనో అంటారు. ఎక్కువసార్లు తప్పు బలహీనపడిన అడాప్టర్‌ది. మూడున్నర అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే కొన్ని క్షణాల్లో 12 వోల్టుల తీగ నుంచి దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. తిరుగుడు అందుకున్నాక అర ఆంపియర్ చాలు. ముసలి అడాప్టర్ ఊరికే ఉన్నప్పుడు మీటరు మీద 12 చూపిస్తుంది, ఆ రెండు ఆంపియర్లు అడిగిన క్షణంలో కూలిపోతుంది. బాక్సు రీస్టార్ట్ అవుతుంది, డిస్కు మళ్లీ లాగుతుంది, మళ్లీ కూలుతుంది.

కాబట్టి ఊరికే ఉన్నప్పుడు మీటరు చూపేదాన్ని బట్టి అడాప్టర్‌ను నమ్మొద్దు. బాక్సు నడుస్తుండగా చూడండి: 11.4 కంటే కిందకి పడుతుంటే అడాప్టర్ మార్చాలి. లేదా అదే వోల్టేజీ, 3 ఆంపియర్ల మంచి అడాప్టర్ అరువు తెచ్చి పెట్టి చూడండి. దానితోనే చాలా బాక్సులు లేచి కూర్చుంటాయి.

అడాప్టర్ మార్చినా అలాగే ఉంటే, కరెంటు తీసేసి, బాక్సు తెరిచి, డిస్కుకు వెళ్లే రెండు తీగలూ ఊడదీసి, మూత పెట్టి ఆన్ చేయండి. చాలా రికార్డర్లు డిస్కు లేకపోయినా మామూలు బాక్సులా ఛానెళ్లు చూపిస్తాయి. డిస్కు లేనప్పుడు నిలకడగా నడిచి, ఉన్నప్పుడు పడిపోతుంటే అనుమానం డిస్కు మీదికీ దాని కరెంటు మీదికీ వెళ్లాలి. డిస్కు లేకపోయినా పడిపోతుంటే బోర్డుది.

కరెంటు తీగ నేరుగా లోపలికి వెళ్లే బాక్సు మాది. తెరవొచ్చా?

తెరవడం తెలిసినవాళ్ల పని. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చాక లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. ప్లగ్గు పీకిన తర్వాత కూడా కాసేపు అందులోనే ఉంటాయి, చెయ్యి తగిలితే ప్రాణం మీదికొస్తుంది. ఈ పనికి అలవాటున్నవాళ్లు ప్లగ్గు తీసి, 10 కిలో ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న తీగలతో ఆ కెపాసిటర్ రెండు కాళ్లకీ పది సెకన్లు తాకించి, మీటరుతో సున్నా దగ్గరికి వచ్చిందని చూసుకున్నాకే బోర్డు ముట్టుకుంటారు. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేసే అలవాటు కొందరికి ఉంది. దానివల్ల బోర్డు మీది పట్టీ కాలిపోతుంది, కళ్లకూ ప్రమాదమే.

తెరిచాక ముందు వాసన చూడండి, తర్వాత కళ్లతో చూడండి. బాక్సు లోపల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది గనక చీమలు, బొద్దింకలు, బల్లులు చేరతాయి. ఎండిపోయిన చిన్న బల్లి పిల్ల రెండు సోల్డర్ చుక్కల మధ్య ఇరుక్కుని, దాని చుట్టూ బోర్డు నల్లగా మాడి ఉండటం మెకానిక్కులకు కొత్తకాదు. అది తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత టూత్‌బ్రష్ పెట్టి తుడిచి, బాగా ఆరనివ్వాలి. ఫ్యూజు చూడండి: తీగ మామూలుగా తెగితే ఒకసారి మార్చి చూడొచ్చు, గాజు లోపల నల్లగా మసిబారి ఉంటే ముందుకెక్కడో షార్టు ఉంది. కొత్త ఫ్యూజు వేసినా మళ్లీ పేలుతుంది. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టే మెకానిక్ దగ్గర బాక్సు వదలొద్దు. తెలిసిన మెకానిక్ అయితే 60 వాట్ల పాత రకం బల్బును వరుసలో పెట్టి ఆన్ చేస్తాడు. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే బోర్డు బాగానే ఉంది, పూర్తి వెలుగుతో అలాగే ఉంటే షార్టు ఇంకా ఉంది.

ఉబ్బిన కెపాసిటర్లు ఏవి, ఏం వేయాలి?

నిలువుగా నిలబడి ఉండే చిన్న డబ్బాల్లాంటివి. పైన చదునుగా ఉండాలి. పైభాగం గుమ్మటంలా లేచినా, గీత దగ్గర చిట్లి గోధుమరంగు జిగురు కారినా అది పోయినట్టే. రికార్డర్లలో డిస్కు పక్కన, వేడి పట్టీల (హీట్‌సింక్‌ల) పక్కన ఉన్నవి ముందు పోతాయి. వాటిలోని ద్రవం వేడికి ఎండిపోవడమే కారణం. మార్చేటప్పుడు మైక్రోఫారడ్లు అవే ఉండాలి (ఉదాహరణకు 1000 అంటే 1000), వోల్టేజీ అంతే లేదా ఒక మెట్టు ఎక్కువ (16 స్థానంలో 25 వేయొచ్చు, 10 వేయకూడదు), వేడి రేటింగు 105 డిగ్రీలు, 'లో ఈఎస్ఆర్' (లోపలి నిరోధం తక్కువ ఉండే) రకం. 85 డిగ్రీలవి వేస్తే వేసవి దాటవు. ఎత్తు, లావు కూడా కొలవండి, కొత్తది లావైతే మూత పట్టదు. డబ్బా పక్కన తెల్లటి చార ఉన్న కాలు మైనస్. తిరగేసి పెడితే పేలుతుంది. ఒకటి ఉబ్బితే అదే వరుసలోని మిగతావీ కలిపి మార్చేయడం మేలు. ఒక్కోటి కొద్ది రూపాయల వస్తువే.

పొరపాటున ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టాం. ఒక చిటపట శబ్దం వచ్చి ఆగిపోయింది.

ల్యాప్‌టాప్ ఛార్జర్ 19 వోల్టుల దగ్గర ఉంటుంది, పిన్ను కొన్నిసార్లు సరిపోతుంది కూడా. ఇందులో కొంత మంచి కబురు ఉంది. చాలా హార్డ్ డిస్కుల కింది బోర్డు మీద, కరెంటు పిన్నుల దగ్గర, ఎక్కువ వోల్టేజీ వస్తే తాము షార్టయిపోయి మిగతాదాన్ని కాపాడే టీవీఎస్ డయోడ్లు ఉంటాయి. డిస్కు విడిగా తీసి మీటరుతో 12 వోల్టుల పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య కొలవండి. దాదాపు సున్నా ఓమ్‌లు వస్తే ఆ డయోడ్ త్యాగం చేసినట్టు. నైపుణ్యం ఉన్న టెక్నీషియన్ దాన్ని తీసేస్తే డిస్కు తరచుగా మళ్లీ తిరుగుతుంది. అప్పుడు రక్షణ ఉండదు గనక సరైన కరెంటు ఇచ్చి, తక్షణం నకలు తీసి, ఆ డిస్కును పక్కన పెట్టేయాలి.

డిస్కు కింది బోర్డును ఇంకో డిస్కు బోర్డుతో మార్చేయడం ఇప్పుడు పనిచేయదు. ప్రతి డిస్కుకూ సొంత కొలతలు ఆ బోర్డు మీది చిన్న చిప్పులో రాసి ఉంటాయి. ఆ చిప్పును కూడా తీసి కొత్త బోర్డుకు అతకాలి.

లైటు వెలుగుతోంది, బొమ్మ మాత్రం రాదు.

బాక్సు తెరవక్కర్లేదు. హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చండి, టీవీలో వేరే పోర్టు పెట్టండి, ఏవీ తీగ పెట్టి చూడండి. ఏవీలో వస్తే బాక్సు లోపల నడుస్తున్నట్టే.

డిస్కే పోయిందని ఎలా గుర్తుపట్టాలి?

చెవి పెట్టి వినండి. సన్నగా హూ అని తిరుగుతూ అప్పుడప్పుడు చిన్న గీకుడు ఉంటే మామూలే. ఒకే లయలో టక్, టక్, టక్ అని కొట్టుకుని ఆగిపోతుంటే చదివే హెడ్డు దెబ్బతింది. తిరగకుండా కీచుమని అంటుంటే మోటారు పట్టేసింది లేదా హెడ్డు పళ్లానికి అతుక్కుంది. ఈ రెండింటికీ ఇంట్లో వైద్యం లేదు. చప్పుడేమీ లేకపోతే మాత్రం కరెంటు అందడం లేదేమో చూడాలి: ఎర్ర తీగ మీద 4.75 నుంచి 5.25, పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 వోల్టులు ఉండాలి.

చప్పుడు మామూలుగానే ఉండి, రికార్డింగు మధ్యలో బొమ్మ గళ్లుగళ్లుగా ఆగి ముందుకు గెంతుతుంటే ఒక చిన్న పరీక్ష చేయండి. అదే రికార్డింగును వెనక్కి తిప్పి మళ్లీ చూడండి. ప్రతిసారీ సరిగ్గా అదే చోట గెంతితే రెండు కారణాలుండొచ్చు: రికార్డు అవుతున్నప్పుడే సిగ్నల్ పోయింది (ఆరోజు వాన పడి ఉంటే అదే), లేక డిస్కులో ఆ చోటు పాడైంది. వేరువేరు చోట్ల గెంతితే వేడి, కరెంటు, లేదా డిస్కు తీగ. డిస్కును బోర్డుకు కలిపే ఆ ఎర్రటి సాటా (డేటా) తీగ కొన తుప్పుపట్టడం, వదులవడం చాలా మామూలు. కొత్త తీగతో నయమైన డిస్కులు ఎన్నో ఉన్నాయి.

కంప్యూటర్‌కి తగిలించి, డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాములో చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 5, 197, 198 నంబర్ల ఎదుట అంకెలు పెరుగుతుంటే పళ్లెం మీద చోట్లు చచ్చిపోతున్నాయి. 199 ఒక్కటే పెరిగితే తప్పు తీగది.

డిస్కు నకలు ఎలా తీయాలి? వివరంగా చెప్పండి.

కావలసినవి: డెస్క్‌టాప్ కంప్యూటర్ లేదా విడిగా 12 వోల్టుల కరెంటు ఉన్న యూఎస్‌బీ 3 డాక్ (డిస్కును కంప్యూటర్‌కి తగిలించే స్టాండు), కొత్త డిస్కు, ఉబుంటు (ఉచితంగా దొరికే లైనక్స్) ఉన్న పెన్‌డ్రైవ్, ఇంకో చిన్న పెన్‌డ్రైవ్.

బాక్సు కరెంటు తీసి పది నిమిషాలు చల్లారనివ్వండి. తెరిచే ముందు, తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటో తీసుకోండి. డిస్కును అంచుల దగ్గర పట్టుకోండి, కింది పచ్చ బోర్డును వేళ్లతో తాకొద్దు. లేబుల్ మీది సీరియల్ నంబరు రాసుకోండి, రేపు మిమ్మల్ని కాపాడేది అదే.

కంప్యూటర్‌ను ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి 'ట్రై ఉబుంటు' ఎంచుకోండి. డిస్కు బొమ్మ కనబడినా క్లిక్ చేసి తెరవొద్దు. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము పెట్టుకోండి. ఇది మామూలు కాపీలా పాడైన చోట ఆగిపోదు. ముందు తేలిగ్గా వచ్చేవన్నీ తీసుకుని, పాడైన చోట్లు చివరికి వదిలి, ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. ఆ మ్యాప్ ఫైల్‌ను రెండో చిన్న పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇక ప్రమాదం ఉన్న చోటు. కమాండ్‌లో ముందు వచ్చేది పాత డిస్కు, తర్వాత వచ్చేది కొత్త డిస్కు. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి రికార్డింగుల మీద కూర్చుంటుంది, దానికి తిరుగు లేదు. ఉబుంటు డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లను నమ్మొద్దు, ఆన్ చేసిన ప్రతిసారీ మారొచ్చు. రాసుకున్న సీరియల్ నంబరుతో పోల్చి చూసి, పక్కన ఇంకొకరిచేత కూడా చదివించి, అప్పుడే ఎంటర్ నొక్కండి. మొదటి విడత పాడైన చోట్లను గీకకుండా, రెండో విడత మిగిలినవాటిని మూడుసార్లు ప్రయత్నించేలా పెట్టండి.

500 జీబీ ఆరోగ్యంగా ఉన్న డిస్కుకు సెకనుకు 80 ఎంబీ చొప్పున రెండు గంటలలోపే. పాత యూఎస్‌బీ 2 డాక్ అయితే నాలుగు గంటలు పైనే. పాడైన డిస్కుకు రోజులు పట్టొచ్చు. అంతసేపూ డిస్కు వేడెక్కకుండా చిన్న టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పండి. 55 డిగ్రీలు దాటుతుంటే ఆపి చల్లార్చండి.

కొన్ని బాక్సులు డిస్కుకే పాస్‌వర్డ్ వేస్తాయి. అలాంటప్పుడు కంప్యూటర్‌లో డిస్కు పేరు కనిపిస్తుంది, మొదటి సెక్టార్ (డిస్కు మీద డేటా రాసే చిన్న గడి) నుంచే ఒక్కటీ చదవదు. అది డిస్కు పాడవడం కాదు. నకలు మానేసి బాక్సునే బాగుచేసి ఏవీ తీగ దారి పట్టండి.

కొత్త డిస్కు ఏది కొనాలి?

పాతదాని కంటే ఒక్క సెక్టార్ కూడా తక్కువ ఉండకూడదు. 500 జీబీ అని అమ్మేవాటిలో సాధారణంగా 97,67,73,168 సెక్టార్లు ఉంటాయి, పాతదాని లేబుల్ మీద చూసి కలుపుకోండి. 1 టీబీ వేసినా చాలా బాక్సులు పాత సైజే చూపిస్తాయి, పెద్దది కొంటే చోటు పెరుగుతుందని ఆశపడొద్దు. సీసీటీవీ రికార్డర్ల కోసం అమ్మే నిఘా రకం డిస్కులు దీనికి సరిగ్గా సరిపోతాయి. రోజంతా రాస్తూనే ఉండటానికి తయారైనవి అవి. డేటా గీతలను ఒకదాని మీద ఒకటి ఎక్కించి రాసే ఎస్ఎంఆర్ రకం వద్దు, గీతలు విడివిడిగా ఉండే సీఎంఆర్ అడగండి.

ఎస్ఎస్‌డీ వేస్తే చప్పుడూ వేడీ తగ్గుతాయి. కానీ రాసేకొద్దీ అది అరుగుతుంది, లెక్క చూసుకోండి: లైవ్ టీవీని ఆపి చూసే సౌకర్యం కోసం బాక్సు ఎప్పుడూ రాస్తూనే ఉంటుంది. సెకనుకు 8 మెగాబిట్ల హెచ్‌డీ ఛానెల్ అంటే గంటకు 3.6 జీబీ, రోజంతా ఆన్‌లో వదిలేస్తే 86 జీబీ, ఏడాదికి 31 టీబీ పైన. రాత్రిపూట స్టాండ్‌బైలో పెట్టేవాళ్లకు ఫరవాలేదు.

నకలు డిస్కు పెట్టాక కూడా ఫార్మాట్ చేయమంటోంది!

వద్దని చెప్పి ఆపేయండి. కొన్ని బాక్సులు డిస్కు సీరియల్ నంబరును కూడా గుర్తుపెట్టుకుంటాయి, నకలును ఒప్పుకోవు. పాత డిస్కు ఇంకా తిరుగుతుంటే దాన్నే తిరిగి పెట్టి, ముఖ్యమైనవి వరుసగా ఏవీ తీగతో రికార్డు చేసుకోండి. అందుకే నకలు అయిపోయాక కూడా పాత డిస్కును పారేయకూడదు, దాని మీద ఏమీ రాయకూడదు.

టక్ టక్ అనే డిస్కును ఫ్రీజర్‌లో పెడితే పనిచేస్తుందంటున్నారు.

పెట్టకండి. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది, తిరిగే పళ్లెం మీద ఆ తేమే కత్తి. అలాంటి డిస్కు డేటా రికవరీ ల్యాబ్‌కే వెళ్లాలి. అక్కడ 'ఫైళ్లు తీసివ్వండి' అని అడిగితే డబ్బు దండగ, తాళం వేసిన ఫైళ్లు చేతికొస్తాయి. 'మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా ఇంకో డిస్కుకు క్లోన్ చేసివ్వండి' అని రాతపూర్వకంగా అడగండి. ఖర్చు వేలల్లో ఉంటుంది. అంత విలువైన రికార్డింగు ఉందా అని ఇంట్లో కూర్చుని ముందే తేల్చుకోండి.

బాక్సు బాగానే ఉంది, లిస్టులో రికార్డింగులు మాయమయ్యాయి.

రీఛార్జ్ అయిపోయిందేమో ముందు చూడండి. చాలా సర్వీసుల్లో ప్యాక్ ఆగితే రికార్డింగులు కూడా ఆడవు, రీఛార్జ్ చేశాక తిరిగొస్తాయి. తర్వాత కార్డు తీసి, మెత్తటి గుడ్డతో బంగారురంగు భాగం తుడిచి పెట్టండి. అప్పటికీ రాకపోతే, కరెంటు హఠాత్తుగా పోవడం వల్ల జాబితా చెడి ఉండొచ్చు. బాక్సును ఒకసారి రీస్టార్ట్ చేసి వదిలేయండి. డిస్కును సరిచూసుకోవడానికి మామూలుకంటే ఎక్కువసేపు లోగో దగ్గరే ఉంటుంది. హ్యాంగ్ అయిందనుకుని అప్పుడు ప్లగ్గు పీకడమే పెద్ద పొరపాటు. అరగంటైనా ఆగండి. ఈలోపు కొత్త రికార్డింగులేవీ పెట్టొద్దు.

కొన్ని మాత్రమే పోయి ఉంటే కారణం వేరు: డిస్కు నిండినప్పుడు బాక్సు పాతవాటిని తానే చెరిపేస్తుంది. కావలసినవాటికి 'కీప్' లేదా 'లాక్' పెట్టి ఉంచాలి.

మాది పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసే బాక్సు.

డీటీహెచ్ కంపెనీ బాక్సైతే తాళం సంగతి ఇక్కడా అంతే, వేరే బాక్సులోనూ కంప్యూటర్‌లోనూ ఆడదు. బాక్సు రిపేరుకు ఇచ్చేముందు పెన్‌డ్రైవ్ తీసి ఇంట్లో పెట్టుకోండి. రికార్డింగు తరచుగా తెగిపోతుంటే, పెట్టింది బయటి హార్డ్ డిస్కైతే, అది కరెంటు సమస్యే: యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకంటే ఎక్కువ అడుగుతుంది. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టండి.

డీడీ ఫ్రీ డిష్ కోసం బజార్లో కొనే మామూలు బాక్సుల్లో చాలావాటికి తాళం ఉండదు. టీఎస్ లేదా ఎంపీజీ ఫైళ్లుగా వస్తాయి, వీఎల్‌సీలో నేరుగా ఆడతాయి. ఒక సినిమా రెండు మూడు ముక్కలుగా కనిపిస్తే కంగారు వద్దు, ఎఫ్ఏటీ32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు గనక బాక్సే విడగొట్టింది. పొరపాటున చెరిగిపోతే పెన్‌డ్రైవ్ మీద ఇంకేమీ రాయకుండా, చెరిగిన ఫైళ్లను వెతికే ఫోటోరెక్ అనే ప్రోగ్రాముతో వెతకండి.

ముఖ్యమైనవాటిని బాక్సు నుంచి శాశ్వతంగా బయటికి తీసే మార్గం?

హెచ్‌డీఎంఐలో కాపీ రక్షణ ఉంటుంది గనక ఆ దారి కుదరదు. ఏవీ తీగ, బొమ్మను కంప్యూటర్‌లోకి పంపే ఒక యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు, కంప్యూటర్‌లో దాన్ని రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో ప్రోగ్రాము ఉంటే సరిపోతుంది. 720×576, సెకనుకు 25 ఫ్రేములు, బిట్‌రేటు 4500 పెడితే గంటకు 2 జీబీ. హెచ్‌డీ అంత నునుపుగా ఉండదు, మనిషి మొహం, గొంతు మాత్రం చక్కగా దక్కుతాయి. గంట రికార్డింగుకు గంట పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. పసుపు ప్లగ్గులో బొమ్మ రాకుండా బుయ్ మని శబ్దం వస్తే మూడు ప్లగ్గులూ ఒక్కొక్కటిగా మార్చి చూడండి, వేరే కంపెనీ తీగల్లో వరుస వేరుగా ఉంటుంది. బొమ్మ పొడుగ్గా సాగితే బాక్సులో బొమ్మ ఆకారం (4:3, 16:9) మార్చి చూడండి. కొన్ని ఛానెళ్లు ఏవీలోనూ అడ్డుకుంటాయి. తాళం పగలగొట్టే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లొద్దు. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ఇలాంటివాటి గురించే. ఇంట్లో చూసుకోండి, నెట్‌లో పెట్టకండి.

హైదరాబాద్‌లో సామాన్లు, రిపేరు ఎక్కడ?

కెపాసిటర్లు, ఫ్యూజులు, రెసిస్టర్లు, అడాప్టర్లు, పిన్నులకు కోఠిలోని గుజరాతీ గల్లీ. డిస్కులు, డాక్‌లు, సాటా తీగలకు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్). బోర్డు రిపేరుకు మీ కాలనీలో ఎల్ఈడీ టీవీ బోర్డులు కూర్చుని బాగుచేసే మెకానిక్ చాలు, పవర్ సప్లై రెండింట్లోనూ ఒకే రకం.

ఇచ్చేముందు డిస్కూ స్మార్ట్ కార్డూ తీసి ఇంట్లో పెట్టుకోండి. కరెంటు భాగం బాగుచేయడానికి రెండూ అక్కర్లేదు. తీయడం రాకపోతే మెకానిక్ ముందే తీయించి పట్టుకెళ్లండి. 'అన్నా, బోర్డు మార్చొద్దు, సాఫ్ట్‌వేర్ ఎక్కించొద్దు, పవర్ మాత్రమే చూడు' అని చెప్పి, అదే మాట కాగితం మీద రాసి బాక్సుకు టేపుతో అంటించండి. మీరు చెప్పింది కుర్రాడితో, చేసేది ఇంకొకరు కావచ్చు. డిస్కును తీసుకెళ్లేటప్పుడు యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి బబుల్ ర్యాప్ చుట్టండి. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో వదిలేసి భోజనానికి వెళ్లకండి.

బాగయ్యాక మళ్లీ పాడవకుండా?

బాక్సు మీద ఎంబ్రాయిడరీ గుడ్డ తీసేయండి. యాంప్లిఫయర్ మీద, మూసిన టీవీ యూనిట్ అరలో పెట్టొద్దు, పైనా పక్కలా నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. ఏడాదికోసారి, ప్లగ్గు తీసి, గాలి రంధ్రాల దగ్గర దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపండి.

ఇన్వర్టర్ ఉంటే దాని స్విచ్చిని ఎకో నుంచి యూపీఎస్ మోడ్‌లోకి మార్చండి. ఎకోలో మారే ఆ రెప్పపాటు సమయానికే బాక్సు ఆగి మళ్లీ మొదలవుతుంది. ఇన్వర్టర్ లేకపోతే కంప్యూటర్లకు వాడే 600 వీఏ యూపీఎస్ చాలు. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన, ఉరుములు మొదలవగానే ప్లగ్గుతోపాటు డిష్ నుంచి వచ్చే కేబుల్‌ను కూడా విప్పండి. రికార్డర్‌కు రెండు కేబుళ్లు వస్తే రెండూ. ప్లగ్గు ఒక్కటే తీసి కేబుల్ మర్చిపోవడం వల్ల, పిడుగు దెబ్బ మేడ మీది డిష్ నుంచి నేరుగా ట్యూనర్‌లోకి దిగుతుంది.

రెండు కేబుళ్లలో ఒకటే పనిచేస్తోంది. ఒకటి చూస్తుంటే ఇంకోటి రికార్డవడం లేదు.

రెండు కేబుళ్లను బాక్సు వెనక అటుదిటు మార్చండి. లోపం కేబుల్‌తోపాటు మారితే బయట డిష్ దగ్గర ఎల్ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే ముక్క) పోవడం లేదా తీగ కొన తుప్పు. మారకపోతే బాక్సు లోపలి ట్యూనర్. డిస్కుకు దీంతో సంబంధం లేదు, పాత రికార్డింగులు నిశ్చింతగా చూసుకోవచ్చు.